ఎర్రర్ కొడతా ఉందన్నా!

నా ఫోన్లో వాట్సాప్ తెరిస్తే పెళ్లి ఫొటోలకన్నా ఎర్రర్ పేజీల ఫొటోలే ఎక్కువ కనబడతాయి. అన్నీ కంప్యూటర్ తెరని ఫోన్‌తో తీసినవే. కాస్త వంకరగా, పైన ట్యూబ్‌లైటు మెరుపు, కింద కీబోర్డు మీద ఎవరిదో ఆధార్ జిరాక్సు. ఫొటో కింద ఒకటే ముక్క: "ఎర్రర్ కొడతా ఉందన్నా." పంపేది ఆత్మకూరు, మర్రిపాడు, వింజమూరు, ఉదయగిరి ఊళ్లలో నెట్ సెంటర్లు నడిపే కుర్రాళ్లు. వెబ్ అప్లికేషన్లు రాయడం, ఇంకొకరు రాసి వదిలేసినవాటిని బాగుచేయడం నా పని. కొన్నేళ్లు హైదరాబాదులో చేశాను. కరోనా తర్వాత ఆత్మకూరు వచ్చేసి ఇక్కణ్ణించే చేస్తున్నాను. కంపెనీ ఒక ఊళ్లో ఉంది, సర్వర్లు ఇంకో ఊళ్లో ఉన్నాయి, వాడేవాళ్లు మాత్రం నా వీధిలో ఉన్నారు. పేజీ చెడిపోయినప్పుడు దాని ముందు కూర్చున్న మనిషి ఏం చేస్తాడో హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ నాకు తెలియదు. ఇక్కడ టీ తాగడానికి వెళ్తే చాలు, తెలుస్తుంది.

ఆ ఫొటోల్లో నేను ముందు చూసేది మధ్యలో ఉన్న పెద్దక్షరాల్ని కాదు, పైనున్న అడ్రస్ బారుని. పని ఏ పేజీ దగ్గర ఆగిందో దాన్నిబట్టే తెలుస్తుంది. నేను ఈ ఉద్యోగంలో చేరేనాటికే వాడుకలో ఉన్న ఒక అప్లికేషన్లో ఆ ఆధారం కూడా దొరికేది కాదు. దరఖాస్తులు, ఫీజులు, రసీదులు చూసుకునే అప్లికేషన్ అది. దరఖాస్తు పేజీ చెడినా, ఫీజు పేజీ చెడినా, రసీదు ప్రింటు రాకపోయినా అందర్నీ తీసుకుపోయి ఒకే ఎర్రర్ పేజీలో పడేసేది. ఎవరు పంపిన ఫొటో చూసినా అడ్రసు ఒకటే. 'సమ్‌థింగ్ వెంట్ రాంగ్' అని ఒక ఇంగ్లీషు వాక్యం, దాని కింద మొహం వేలాడేసిన కార్టూను కంప్యూటరు. ఆ బొమ్మ గీసినవాడి మీద నాకున్నంత కోపం ఇంకెవరి మీదా లేదు.

లోపల జరిగేది ఇది. సబ్మిట్ కొట్టగానే బ్రౌజరు దరఖాస్తుని సర్వర్‌కి పంపుతుంది. అక్కడ ఏదో తేడా వస్తుంది. డేటాబేస్ పలకదు, లేదా నిండి ఉండాల్సిన గడి ఖాళీగా వస్తుంది. అప్పుడు సర్వర్ ముందు రెండు దారులుంటాయి. అడిగిన చోటే, అదే అడ్రసు మీద, 500 అన్న కోడ్‌తో 'ఈ పని నా వల్ల కాలేదు' అని పేజీ ఇవ్వొచ్చు. లేదంటే 302 అన్న కోడ్‌తో 'ఫలానా ఎర్రర్ పేజీకి పో' అనొచ్చు. ఇలా అంటే బ్రౌజరు బుద్ధిగా ఆ పేజీకి పోయి కొత్తగా అడుగుతుంది. ఆ పేజీలో చెడిపోయిందేమీ లేదు గనక సర్వర్ 200 అని జవాబిస్తుంది. 200 అంటే అంతా సవ్యం అని. దరఖాస్తు మునిగిపోయింది, లెక్కల్లో మాత్రం అంతా సవ్యం.

ఈ అంకెలేవీ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పెట్టుకున్నవి కావు. 404, 500, 301, 302 అన్నీ 1996లో రాసిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఉన్నాయి. 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9110 అనే ప్రమాణ పత్రం దాకా వాటి అర్థం పెద్దగా మారలేదు. 301 అంటే నువ్వడిగినది శాశ్వతంగా వేరే చోటికి తరలిపోయింది అని. మా వైపు వాళ్లకి చెప్పాలంటే ఉదయగిరి బాలకృష్ణుడి లాగా అంటాను. 1514 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి కోట గెలుచుకుని, కొండ మీది బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి అక్కడ గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు హంపీలో కూడా లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. ఒక 301 మీద ఇంకో 301. ఇక 302 అంటే తాత్కాలికంగా వేరే చోట ఉంది, అక్కడికి పోతే దొరుకుతుంది అని. ఎర్రర్ పేజీకి పంపినప్పుడు అక్కడ దొరికేదేముంది? మనిషి నింపిన దరఖాస్తు అక్కడ లేదు. కాబట్టి 302 పెట్టి ఎర్రర్ పేజీకి పంపడం మర్యాదగా కనబడే అబద్ధం.

అబద్ధం మనుషులతోనే ఆగితే సర్దుకుపోవచ్చు, మెషీన్లు కూడా నమ్ముతాయి. సర్వర్ బాగుందో లేదో చూసే మానిటర్ ఒకటి ఉంటుంది, అది 500లు లెక్కపెడుతుంది. ఎర్రర్లన్నీ 302లుగా, 200లుగా మారిపోతే దానికి లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. గ్రాఫు పచ్చగా ఉంటుంది. పచ్చటి గ్రాఫు ఒక తెర మీద, అదే నిమిషంలో ఉదయగిరి నుంచి వచ్చిన ఎర్రర్ ఫొటో చేతిలో, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని మేనేజర్‌తో వాదించాల్సి వచ్చేది. మేనేజర్ నమ్మేది గ్రాఫునే. గూగుల్ పరిస్థితీ అంతే. లేని పేజీకి 404 అని చెప్పకుండా 200 అని జవాబిస్తే ఆ ఎర్రర్ పేజీని కూడా అసలు పేజీగానే లెక్కేసుకుంటుంది. దీనికి వాళ్లు సాఫ్ట్ 404 అని పేరు పెట్టి, ఇలా చేయొద్దని వెబ్‌సైట్ల వాళ్లకి ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు.

ఇంకొకటి మరీ ఘోరం. మనవాళ్లు ఎర్రర్ రాగానే చేసే మొదటి పని రిఫ్రెష్ కొట్టడం. రీడైరెక్ట్ అయిన తర్వాత రిఫ్రెష్ కొడితే బ్రౌజరు మళ్లీ తెచ్చేది ఎర్రర్ పేజీనే, దరఖాస్తుని కాదు. లోపల డేటాబేస్ ఎప్పుడో లేచి కూర్చున్నా వీళ్లు మాత్రం ఎర్రర్ పేజీనే మళ్లీ మళ్లీ తెరుస్తూ, "ఇంకా రాలేదబ్బా సర్వర్" అంటూ ఉంటారు. మధ్యాహ్నం బాగైన సర్వర్ కోసం సాయంత్రం దాకా కూర్చున్న జనాన్ని నేను చూశాను.

జనం కూర్చోవడం అన్నానంటే కారణం ఉంది. ఉదయగిరి నుంచి నెల్లూరు కలెక్టరేటు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఒకప్పుడు సర్టిఫికెట్టు కావాలంటే మండలాఫీసు చుట్టూ తిరగాలి, ఆ పైన నెల్లూరు బస్సెక్కాలి. 2011లో మీసేవ వచ్చింది. 2015లో మీభూమి వచ్చాక ఆడంగల్, 1-బి తెర మీదికెక్కాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో సేవలు వాట్సాప్‌లోకీ వచ్చాయి. ప్రైవేటు వాళ్ల ఫీజులు, టికెట్లు, కౌన్సెలింగులు సరేసరి. అన్ని పనులూ తెర మీదికి ఎక్కేశాక తెర మీద పని ఆగిపోతే మనిషి పోయి అడగడానికి కౌంటరంటూ ఒకటి మిగల్లేదు. ఎర్రర్ పేజీయే ఇప్పుడు కౌంటరు. అక్కడ కూర్చున్నది నోరు లేని కార్టూను కంప్యూటరైతే ఎలా?

ఆత్మకూరులో నాకు బాగా తెలిసిన నెట్ సెంటర్ కుర్రాడి దగ్గర ఒక పొడుగు నోటుబుక్కుంది. సబ్మిట్ కొట్టేముందు అందులో రాసుకుంటాడు. పేరు, దరఖాస్తు నంబరు, ఎంత డబ్బు, ఎన్ని గంటలకి. చివరి గడి ఖాళీగా వదిలేస్తాడు, రసీదు వచ్చాక అక్కడ టిక్కు పెడతాడు. "ముందే ఎందుకు రాస్తావు తమ్ముడూ, నంబరు తెర మీదే ఉంటుంది గదా" అంటే, "సబ్మిట్ కొట్టినాక ఆ పేజీ ఉంటుందో ఉండదో ఎవురికి తెలుసన్నా" అన్నాడు. కంప్యూటర్ చేయాల్సిన పనిని కాగితం చేస్తోంది. టిక్కు పడని గడులు ఆ బుక్కులో పేజీకి ఒకటో రెండో ఉన్నాయి. వాటి పక్కన ఎర్ర సిరాతో 'మళ్లీ చూడాల' అని రాసి ఉంది.

ఒకరోజు అక్కడే ఉన్నప్పుడు మర్రిపాడు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, మనవరాలి కాలేజీ ఫీజు కట్టడానికి. కుర్రాడు వివరాలు నింపాడు, పెద్దాయన ఫోన్ తీసి పిన్ను కొట్టాడు. చక్రం తిరిగింది, తిరిగింది, తెర ఎర్రర్ పేజీకి మారింది.

"ఏమైంది అబ్బయ్యా?"

"సర్వర్ ప్రాబ్లం పెద్దాయనా. కాసేపు కూర్చోండి."

"సర్వరు సంగతి నాకెందుకు గానీ, డబ్బులు పోయినాయా, ఉండాయా? అది చెప్పు ముందు."

కుర్రాడు తెర వంక చూశాడు. ఆ ప్రశ్నకి జవాబు తెర మీద లేదు. అంతలో పెద్దాయన చొక్కా జేబులో ఫోన్ గంటకొట్టింది. బ్యాంకు మెసేజి, డబ్బు కట్ అయినట్టు. ఇంకోసారి కట్టాలా, ఆగాలా? ఆగితే గడువు దాటుతుంది, కడితే రెండుసార్లు పోతుంది. అది మా అప్లికేషన్ కాదు, ఇంకెవరిదో. కానీ మా దాంట్లో ఆ పరిస్థితి వచ్చినా తెర మీద జవాబు ఉండదని నాకు తెలుసు. పెద్దాయన వేసిన ప్రశ్న తర్వాత మా టీమ్‌కి రాసిన డిజైన్ పత్రంలో మొదటి వాక్యమైంది, ఆయన మాటల్లోనే.

పత్రంలో నేను పట్టుబట్టింది ఎర్రర్ పేజీ అన్నది ఒకటి కాదు, మూడు అని. పని జరగలేదు, డబ్బు కదల్లేదు అని ఖాయంగా తెలిసినప్పుడు ఒక మాట. పని జరిగింది, రసీదు చూపించడమొక్కటే కుదరలేదు అన్నప్పుడు ఇంకో మాట. మూడోది అసలైన చిక్కు, జరిగిందో లేదో సర్వర్‌కే తెలియకపోవడం. డబ్బు బ్యాంకు నుంచి బయల్దేరింది, అందినట్టు కబురు రాలేదు. ఇక్కడ ప్రోగ్రామర్లు మొహమాటపడతారు. మాకు తెలియదు అని రాయడం నామోషీ అనుకుని 'మళ్లీ ప్రయత్నించండి' అని రాసేస్తారు. ఆ మాట నమ్మి జనం రెండుసార్లు కడతారు. మేము రాసింది ఇది: 'మీ డబ్బు కట్ అయి ఉండొచ్చు. మళ్లీ కట్టవద్దు. బ్యాంకు జవాబు కోసం చూస్తున్నాం. ఈ పేజీని అరగంట తర్వాత మళ్లీ తెరిస్తే ఏమైందో ఇక్కడే కనబడుతుంది.'

ఇక్కడే కనబడుతుంది అని రాయగలగాలంటే మనిషిని అక్కణ్ణించి కదపకూడదు. అడ్రసు మారకూడదు. అప్పుడే రిఫ్రెష్ పనిచేస్తుంది, మనవాళ్ల చెయ్యి ఎలాగూ దాని మీదికే పోతుంది. కానీ డబ్బు పేజీలో రిఫ్రెష్ అంటే మళ్లీ కట్టినట్టు అయ్యే ప్రమాదముంది గదా అని మా టీమ్‌లో ఒకమ్మాయి అడిగింది, సరైన ప్రశ్నే. దానికి మందు ఎర్రర్ పేజీలో లేదు, ఫారంలో ఉంది. ఫారం తెరిచినప్పుడే దానికొక నంబరు ఇచ్చేస్తాం. ఆ నంబరుతో ఎన్నిసార్లు సబ్మిట్ వచ్చినా సర్వర్ ఒకటే లెక్కేస్తుంది, రెండోసారి వస్తే మొదటిదాని ఫలితం చూపిస్తుంది.

డబ్బు ఇరుక్కుపోతే ఏం చేయాలన్నదానికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ఒకటుంది. యూపీఐలో మన ఖాతాలో డబ్బు తగ్గి, వ్యాపారికి కబురు అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు పోను 5 రోజుల్లోగా అది తనంతట తానే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు కస్టమర్‌కి పరిహారం ఇవ్వాలి. నెట్ సెంటర్ల వాళ్లకి కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. ఎర్రర్ పేజీ కింద ఈ రెండు వాక్యాలు చేర్చడానికి ఖర్చేమీ లేదు, అనుమతికి మాత్రం చాలాకాలం పట్టింది. 'మన పేజీలో పరిహారం మాట ఎందుకు' అన్నది పైవాళ్ల అభ్యంతరం. చేర్చాం. ఎవరూ పరిహారం కోసం మా మీదికి రాలేదు, ఫోన్లు మాత్రం తగ్గాయి.

పాత అప్లికేషన్ ఏఎస్‌పీ డాట్ నెట్‌లో రాసింది. అందులో వెబ్ కాన్ఫిగ్ అనే ఫైలుంటుంది, దాంట్లో కస్టమ్ ఎర్రర్స్ అనే ఒక సెట్టింగు. దాని సహజ స్వభావం రిమోట్ ఓన్లీ. అంటే సర్వర్ మీద కూర్చుని చూసేవాడికి ఎర్రర్ వివరాలన్నీ కనబడతాయి, బయటినుంచి వచ్చేవాడికి ఉత్త పేజీ కనబడుతుంది. మంచి ఏర్పాటే. కానీ దీని వల్ల ప్రోగ్రాం రాసేవాడు తన సొంత మెషీన్ మీద ఎర్రర్ పేజీని ఏనాడూ చూడడు. అతనికి కనబడేది లేత పసుపు పెట్టెలో కోడు, ఎర్రగా మెరిసే లైను, ఏ ఫైల్లో ఎన్నో లైన్లో తప్పో చెప్పే జాబితా. వాడుకదారుకి కనబడే పేజీ ఎవరో ఒకసారి అతికించి వదిలేసిందే. దాన్ని ఎవరూ చదవరు, అక్షరదోషం ఉన్నా ఏళ్లకేళ్లు అలాగే ఉంటుంది.

ఆ వివరాలన్నీ బయటివాళ్లకి కూడా చూపిస్తే మాలాంటివాళ్లకి సులువే గదా అనిపిస్తుంది. దొంగలకీ అంతే సులువు. డేటాబేస్ పేరు, ఫైళ్లున్న ఫోల్డరు, వాడే వెర్షను అన్నీ ఆ పేజీలో ఉంటాయి. అసలు ఎర్రర్ పేజీల మధ్య తేడానే దొంగకి తాళంచెవి కాగలదని 2010 సెప్టెంబరులో మా వృత్తివాళ్లందరికీ తెలిసొచ్చింది. థాయ్ డువాంగ్, జూలియానో రిజ్జో అనే ఇద్దరు పరిశోధకులు బ్యూనస్ ఎయిరిస్‌లో జరిగిన ఎకోపార్టీ సభలో ఏఎస్‌పీ డాట్ నెట్ ఎన్‌క్రిప్షన్‌ని ఎలా విప్పవచ్చో చూపించారు. ఎన్‌క్రిప్ట్ చేసిన ముక్కలో ఒక్కో బైటు మార్చి సర్వర్‌కి పంపుతూ పోవాలి. చివర నింపే బైట్ల అమరిక తప్పితే సర్వర్ ఒక రకం ఎర్రర్ ఇస్తుంది. అమరిక కుదిరి లోపలి సమాచారం అర్థం కాకపోతే ఇంకో రకం ఎర్రర్ ఇస్తుంది. ఈ రెంటి మధ్య తేడా చాలు. వేలసార్లు అడిగి, వచ్చిన ఎర్రర్లని పోల్చుకుంటూ, తాళం లేకుండానే లోపలున్నది చదివేయొచ్చు. వెబ్ కాన్ఫిగ్ ఫైలు కూడా బయటికి లాగే వీలుండేది.

ప్యాచ్ తయారయ్యేలోపు మైక్రోసాఫ్ట్ చెప్పిన తాత్కాలిక ఉపాయం పూర్తిగా ఎర్రర్ పేజీ గురించే. 404 అయినా 500 అయినా అన్నిటికీ ఒకే పేజీ చూపండి, రీడైరెక్ట్ మోడ్‌ని రెస్పాన్స్ రీరైట్‌కి (అడిగిన అడ్రసు మీదే పేజీ ఇచ్చే పద్ధతికి) మార్చండి, ఆ పేజీ ఇచ్చేముందు సర్వర్ కాసేపు, ప్రతిసారీ వేరువేరు వ్యవధితో ఆగేలా రెండు మూడు లైన్లు రాయండి అన్నారు. జవాబు రావడానికి పట్టిన సమయం కూడా దొంగకి ఆధారమే గనక ఆ ఆగడం. నెలాఖరున, 28న, మామూలు తేదీ కోసం ఆగకుండా ఎంఎస్10-070 అనే ప్యాచ్ విడుదల చేశారు. ఆ కథ మా టీమ్ కుర్రాళ్లకి చెప్పినప్పుడల్లా, అయితే ఎర్రర్లన్నిటికీ ఒకే పేజీ ఉండాలి గదా, మూడు పేజీలెందుకు అంటారు. నా లెక్క వేరు. ఎందుకు చెడిందో ఎవరికీ చెప్పక్కర్లేదు, అది లాగ్ ఫైల్లో ఉంటే చాలు. డబ్బు ఏమైందో మాత్రం డబ్బు కట్టినవాడికి చెప్పి తీరాలి. మొదటిది సర్వర్ రహస్యం, రెండోది ఆ మనిషి సొంత విషయం.

రెస్పాన్స్ రీరైట్ అన్న సెట్టింగు 2008లో, 3.5 సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. అంతకుముందు ఉన్నది రీడైరెక్టే, ఆ తర్వాత కూడా ఎవరూ మార్చకపోతే రీడైరెక్టే. రీడైరెక్ట్ అయినప్పుడు దరఖాస్తులో నింపినదంతా పోతుంది. అసలు ఎర్రర్ ఏమిటో కూడా కొత్త పేజీకి తెలియదు, ఎందుకంటే సర్వర్ దృష్టిలో అది సరికొత్త రిక్వెస్ట్. రీరైట్‌కి మార్చిన రోజున పని అయిపోయిందని సంబరపడితే తప్పు. అడ్రసు నిలబడుతుంది గానీ కోడ్ మాత్రం 200గానే పోతుంది. 500 అని ఆ ఎర్రర్ పేజీలో మన చేత్తో రాయాలి. అపాచీ సర్వర్ వాడేవాళ్లకి ఇంకో గోతి ఉంది. ఎర్రర్ డాక్యుమెంట్ అన్న లైన్లో ఫైలు దారి రాస్తే అక్కడే జవాబిస్తుంది, హెచ్‌టీటీపీతో మొదలయ్యే పూర్తి అడ్రసు రాస్తే, అది అదే సర్వర్‌దైనా సరే, రీడైరెక్ట్ చేసేస్తుంది. తేడా ఒక ముక్క టైపింగు.

రీడైరెక్ట్ అంటేనే చెడ్డదని నేననను. పని సజావుగా జరిగాక 303తో రసీదు పేజీకి పంపడం మంచి పద్ధతి. అక్కడ రిఫ్రెష్ కొట్టినా రసీదే మళ్లీ వస్తుంది, దరఖాస్తు మళ్లీ పోదు. పని జరగనప్పుడు పంపేయడమే నాకు నచ్చనిది.

మెసేజిని అడ్రసులోనే పెట్టి పంపే ఘనులు ఇంకొందరున్నారు, ప్రశ్నార్థకం తర్వాత ఎర్రర్ మాటంతా రాసి. తెలుగులో అయితే ఇది చూడ ముచ్చటగా ఉంటుంది. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8లో మన ఒక్కో గుర్తు 3 బైట్లు, అడ్రసులోకి ఎక్కితే శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలు. 'ఎర్రర్' అన్న మాట ఒక్కటే 54 అక్షరాలవుతుంది. వికారంగా ఉండటం ఒక ఎత్తు, ప్రమాదం ఇంకో ఎత్తు. అడ్రసులో ఏది రాస్తే పేజీ అదే చూపిస్తుంది గనక, 'మీ ఖాతా ఆగిపోయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి' అని ఎవడైనా లింకు తయారుచేసి వాట్సాప్‌లో వదలొచ్చు. తెర మీద ఉన్నది నిజంగా మన సైటే, మాట మాత్రం దొంగది.

బైట్ల లెక్క ఒకచోట మనకి కలిసొచ్చింది కూడా. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఒక అలవాటుండేది. సర్వర్ ఇచ్చిన ఎర్రర్ పేజీ 512 బైట్ల లోపుంటే దాన్ని పక్కనపెట్టి తన సొంత పేజీ చూపించేది. అందుకే ఎన్జినిక్స్ సర్వర్ ఈనాటికీ తన ఎర్రర్ పేజీల చివర కంటికి కనబడని లైన్లు కొన్ని పోసి లావు చేస్తుంది. తెలుగులో రాస్తే ఆ బాధే లేదు, నాలుగు వాక్యాలకే 512 దాటిపోతాం. పాత మెషీన్లున్న సెంటర్లలో ఇంగ్లీషు ఎర్రర్ పేజీ మాయమై, తెలుగుది నిలబడటం చూసి మా టీమ్‌లో అందరూ తెల్లబోయారు.

ఎర్రర్ పేజీ తనే చెడిపోకూడదన్నది చెప్పక్కర్లేని సంగతి అనుకుంటాం. పాత పేజీలో పైన వాడుకదారు పేరు చూపించేవారు, దానికోసం డేటాబేస్‌ని అడిగేవారు. డేటాబేస్ పడిపోయినప్పుడు ఎర్రర్ పేజీకి పంపితే అది కూడా డేటాబేస్‌ని అడిగి, అది కూడా ఎర్రరై, మళ్లీ తన దగ్గరికే పంపించుకునేది. క్రోమ్ 20 సార్లు చూసి చేతులెత్తేస్తుంది. ఇప్పుడు మా ఎర్రర్ పేజీ డేటాబేస్‌ని ఏదీ అడగదు. కొత్త వెర్షన్ విడుదల చేసేముందు డేటాబేస్‌ని కావాలనే ఆపి, మామూలు వాడుకదారులా బయటి మెషీన్ నుంచి ఆ పేజీ తెరిచి, పైకి చదవాలని నియమం పెట్టాం. పైకి చదివితేనే 'అసౌకర్యానికి చింతిస్తున్నాము' అన్న రైల్వేస్టేషన్ వాక్యం ఎంత దండగో తెలిసింది, తీసేశాం. ముందే తెలిసిన మరమ్మతు అయితే 'ప్రస్తుతానికి సేవ లేదు' అనే 503 కోడ్, ఎంతసేపటి తర్వాత రావాలో చెప్పే రిట్రై ఆఫ్టర్ అన్న హెడర్, పేజీలో గంట నిమిషాలతో తెలుగులో అదే సంగతి.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే కుటుంబమొకటి నాకు తెలుసు. ఉదయగిరి చెక్క సామాన్లకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లబ్బాయి కోసం చిన్న వెబ్‌సైటు చేసిచ్చాను. అక్కడ గొడవ 500లతో కాదు, 404లతో. నర్ది చెక్క దొరక్క ఒక రకం సెట్టు ఆపేస్తారు, దాని లింకు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. లేని పేజీ అడిగితే హోమ్ పేజీకి పంపేయమని ఆ అబ్బాయికి ఎవరో సలహా ఇచ్చారు. చాలా సైట్లు చేసేదదే. స్పూన్ల సెట్టు కోసం వచ్చినామె హోమ్ పేజీ చూసి, తను లింకు తప్పు నొక్కాననుకుని మళ్లీ నొక్కుతుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. ఆ అడ్రసు మీదే 'ఇక్కడున్నది తీసేశాం' అనే 410 కోడ్ పెట్టి, పాత సెట్టు ఫొటో ఉంచి, 'ఇది ఇప్పుడు చెక్కడం లేదు, ఇలాంటివి ఇవిగో' అని రాశాం. "భాయ్, ఫోన్ చేసి అదే కావాలంటా ఉండారు, చెక్క దొరికితే చేసిస్తామని చెప్పేదా?" అని ఫోన్ చేశాడు. అది నా ఖాతాలో పని కాదు గానీ, సంతోషమే.

ఫొటోలు పూర్తిగా ఆగలేదు. అడ్రసుతో పాటు ఇప్పుడు పేజీలో ఒక నంబరు కూడా ఉంటుంది, అదే నంబరు లాగ్‌లోనూ ఉంటుంది. మొదట అక్షరాలూ అంకెలూ కలిపిన పొడుగు కోడ్ అనుకున్నారు మా వాళ్లు. ఫోన్లో బీ అంటే డీ అని, పీ అంటే టీ అని వినబడుతుందని నేను ఒప్పుకోలేదు. 6 అంకెలు, మధ్యలో ఖాళీ. "నాలుగు సున్నా రెండు, ఏడు ఏడు ఒకటి అన్నా" అని చదివితే నేనిక్కడ వెతికి చెప్పేలోపు అవతలివాడి టీ కూడా చల్లారదు.

కిందటి వారం ఆత్మకూరు కుర్రాడు కొత్త కోరిక కోరాడు. ఎర్రర్ పేజీకి ప్రింట్ బటన్ పెట్టమని. ఎర్రర్‌కి ప్రింటెందుకురా అని నవ్వబోయాను. "పెద్దోళ్లు వట్టి చేతులతో పోరన్నా. డబ్బు కట్ అయిందని, మళ్లీ కట్టొద్దని కాగితం మీద ఉంటే ఇంట్లో చూపించుకుంటారు, బ్యాంకుకి పోయినా చూపించుకుంటారు." పెట్టాం. ప్రింటులో రంగులు రావు గనక ఎర్రటి పెట్టె తీసేసి చుట్టూ నల్ల గీత గీశాం, నంబరు పెద్దది చేశాం, తేదీ సమయం చేర్చాం. అన్నీ కలిపి సగం కాగితంలో సరిపోతాయి. మిగతా సగం వాళ్లు చించి వాడుకుంటారట.